మునిగిన పలక

విజయవాడ కోచింగ్ సెంటర్లో మాకు జాగ్రఫీ చెప్పిన మేడం అనగానే నాకు ఆవిడ చేతులే గుర్తొస్తాయి. ఎడమ అరచేతి కిందికి కుడిచేతిని మెల్లగా జార్చి, "సముద్రం అడుగున ఉండే రాతిపలక ఇలా భూమిలోకి మునుగుతుందమ్మా. కోట్ల ఏళ్లయినా చుట్టూ ఉన్న రాతికన్నా చల్లగానే ఉంటుంది" అనేవారు. ఆ చేతుల నిండా ఆకుపచ్చ మట్టిగాజులు.

ఆవిడ భర్త బందరు నుంచి చేపల వేటకెళ్లిన పడవ తుపానులో మునిగిపోయింది. శవం దొరకలేదు.

ఒకరోజు క్లాసుకు ముందు ఆవిడ మామగారు వచ్చి, చెప్పులు విడిచి వరండాలో నిలబడ్డారు. మేడం బయటికెళ్లారు. కిటికీ పక్కన కూర్చునే నాకు అన్నీ వినిపించాయి.

"ఏడాది దాటింది తల్లీ. ఆదివారం వాడి శవానికి బదులు దర్భబొమ్మ చేసి దహనం చేసేద్దాం. గాజులు తీసెయ్యి."

"ఆయన పోవడం మీరు చూశారా మావయ్యా?"

"చూళ్లేదు. నా కొడుకు లేడనుకోవడం నాకు మాత్రం ఇష్టమా?"

ఆవిడ లోపలికొచ్చి పాఠం మొదలుపెట్టారు. కుడిచేయి ఎప్పటిలాగే ఎడమచేతి కిందికి జారింది కానీ, బయటికి రాలేదు.

వెనక బెంచీలోంచి ఎవరో నవ్వుతూ అడిగారు. "ఇంతకీ అది ఆ రాతిలో కలిసిపోయేదెప్పుడు మేడం?"

ఆవిడ వరండా వైపు చూశారు. మామగారు ఇంకా అక్కడే ఉన్నారు.

"కలుస్తుంది," అన్నారు మేడం, ఆయన వైపే చూస్తూ. "తొందరపెట్టకండి."