గంట దగ్గర, పాత బజారు వీధి

కొరియర్ ఆఫీసులో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నా అంత తెలివైనది అనకాపల్లి మొత్తంలో ఇంకొకతె లేదని నాకు గట్టి నమ్మకం. చేతిలో ఫోను, ఫోనులో మ్యాపు, కింద మా మావయ్య వాడి వాడి వదిలేసిన స్కూటీ. ఇంకేం కావాలి? ఎస్. రాయవరం పక్క పల్లె నుంచి వచ్చి మావయ్య ఇంట్లో దిగాను. "ఊరు తెల్దు, వీధులు తెల్దు, ఇంటింటికీ పార్సిళ్లు ఎలా ఇత్తావే?" అని ఆయన బెంగపడుతుంటే, "నాకెందుకు తెలియాలి మావయ్యా, ఫోనుకి తెలుసు కదా" అని కోతలు కోసేదాన్ని. ఆ మాట అన్న వారంలోనే పాత బజారు వీధి నా పొగరు అణిచింది.

అది మాఘమాసం. ఊళ్లో ఎటు చూసినా పందిళ్లు, ఎటు విన్నా మేళాలు. పొద్దున్నే మా మేనేజరు ఒక పార్సిల్ నా చేతిలో పెట్టి, "ఇందులో పెళ్లికూతురి జాకెట్టు ఉందంట. మగ్గం వర్కు. నిన్న రావలసింది ఇప్పుడొచ్చింది, వైజాగ్ షాపోళ్లు పొద్దుట్నుంచి ఒకటే ఫోన్లు. మధ్యాన్నం ముహూర్తం. ఇది అందకపోతే ఆ పిల్ల పీటల మీద కూకోదు, రేపట్నుంచి నువ్వు ఈ ఆఫీసులో కూకోవు" అన్నాడు. పార్సిల్ మీద పెళ్లికూతురి పేరు లేదు, ఎవరో స్నేహితురాలి పేరుంది (ఎందుకో తర్వాత తెలిసింది). ఆ స్నేహితురాలు ఫోను ఎత్తడం లేదు. అడ్రసు మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది: గంట దగ్గర, పాత బజారు వీధి.

ఫోను నన్ను చక్కగా వీధి నడిమధ్యకి తీసుకెళ్లి, చేరుకున్నారని చెప్పి ఊరుకుంది. చుట్టూ చూశాను. బెల్లం కొట్లున్నాయి, ఫోన్ల షాపులున్నాయి, గంట మాత్రం లేదు. ఎదురుగా ఉన్న బెల్లం కొట్టు షావుకారుని "గంటెక్కడండీ?" అని అడిగాను.

"ఇదేనమ్మా" అని ఆయన తన కొట్టు ముందర గాలిని చూపించాడు.

"ఏదండీ?"

"ఉన్నప్పుడు ఇక్కడే ఉండేది."

ఇంతలో ఎదురు కొట్టాయన రోడ్డు దాటి వచ్చేశాడు. "ఆ బావ మాటలినకు పాపా. గంట మా కొట్టు ముందర ఏలాడేది. మా తాత కొట్టేవోడు." మొదటాయన లేచి నిలబడ్డాడు. "మీ తాత కొట్టేడేటి? మీ తాత అది ఎప్పుడు మోగుతాదా అని సూసేవోడు." అక్కడితో మొదలు. తెల్లారగట్ల ఆ గంట మోగితే గాని వీధిలో బేరం మొదలయ్యేది కాదట. పల్లెల నుంచి వచ్చిన బెల్లం బళ్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా నిలబడేవట. రుమాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి, పక్కవాడికి తెలియకుండా ధర చెప్పుకునేవారట. నాకు చచ్చేంత కంగారుగా ఉంది, అయినా కాలు కదలదు. రుమాలు కింద బేరం ఎలా చేసేవారో చూపించండి అని నేనే అడిగాను (నా మీద నాకు ఇప్పటికీ కోపం రాదు, మీరైనా అడిగేవారే). ఇద్దరూ తగువు మానేసి, తువ్వాలు కప్పి, చేతులు పట్టుకుని చూపించారు.

తేరుకుని, "మరి గంట దగ్గర పెళ్లివారి ఇల్లు ఏదండీ?" అన్నాను. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "ఈ వీధిలో అందరం గంట దగ్గరే ఉంటావమ్మా. మొదట్లో ఉన్నోడూ అదే రాత్తాడు, సివర్న ఉన్నోడూ అదే రాత్తాడు. గంట దగ్గరంటే మర్యాద కదా. పెళ్లంటావా, ఇయ్యాల మూడున్నాయి. కాలిన మేడ పక్కన ఒకటి, ఏనుగరుగు ఎనకాల ఒకటి, సోడాల మలుపులో ఒకటి."

కాలిన మేడ కోసం వెతికితే అద్దాలు బిగించిన బట్టల షోరూము తేలింది. ఎప్పుడు కాలిందో ఎవరికీ గుర్తులేదు, కాలిందన్న సంగతి మాత్రం అందరికీ గుర్తుంది. అక్కడ ఉన్నది మగపెళ్లివారి విడిది. సోడాల మలుపులో సోడా లేదు, ఏటీఎం ఉంది. అక్కడి పెళ్లికూతురు అప్పటికే జాకెట్టూ చీరా నగలతో సహా తయారై ఫోటోలు దిగుతోంది. ఇక మిగిలింది ఏనుగరుగు. ఎండ నెత్తికెక్కుతోంది. నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఒక చిన్న టైలరు కొట్టు ముందు బండి ఆపి, లోపల మిషను తొక్కుతున్న ముసలాయన్ని ఏనుగరుగు ఎక్కడని అడిగాను. వీధంతా ఆయన్ని భాయ్ అని పిలిచేవారు.

"ఏటి బేటీ, ఏడుత్తన్నావు?" అన్నాడు. అంతే, దుఃఖం పొంగుకొచ్చి ఉన్నదంతా చెప్పేశాను. వైజాగ్ నుంచి మగ్గం వర్కు జాకెట్టు, ఏనుగరుగు వెనకాల పెళ్లి, పార్సిల్ మీద వేరే పేరు, అన్నీ. మిషను ఆగిపోయింది. భాయ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ పిల్ల మామ్మ పెళ్లికి నేనే కుట్టేను. ఆళ్లమ్మ పెళ్లికి నేనే కుట్టేను. ఈ పిల్లకీ మొన్ననే కుట్టిచ్చేను. బాగుంది తాతా అంది." పార్సిల్ మీద వేరే పేరెందుకుందో అప్పుడు వెలిగింది నాకు. మూడు తరాల జాకెట్లు కుట్టిన మనిషికి తెలియకుండా ఉండాలని ఆ పిల్ల పడ్డ జాగ్రత్తంతా నా నోటితో పోయింది. భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. భాయ్ మాత్రం టేపు మెడలో వేసుకుని, కత్తెర జేబులో పెట్టి, పార్సిల్ తన చేతిలోకి తీసుకుని, "బండి తియ్యి" అన్నాడు.

వెనక కూర్చున్నాడే గానీ ఆయన నోరు ఊరుకోలేదు. కోపం కోపమే, వీధి చరిత్ర చరిత్రే. "అదిగో, ఆ అరుగు మీదే బేటీ. ఊరేగింపుకొచ్చిన ఏనుగు కూలబడిపోయింది. మావటోడు బతిమాలితే లేదు, కొడితే లేదు. ఆకరికి బెల్లం దిమ్మ పెడితే లేచింది." నాకు ఒళ్లు పులకరించింది. ఏనుగు ఎక్కడ కూర్చుందో చూద్దామని తల తిప్పాను. బండి మాత్రం తిరగలేదు. మలుపులో కళాసీలు లారీ నుంచి దించి వరసగా పేర్చిన బెల్లం దిమ్మల్లోకి తిన్నగా వెళ్లింది. ఎండకి మెత్తబడిన బెల్లం. మోచేతుల దాకా, జుట్టు దాకా, చెవుల్లోకి కూడా. కళ్లు తెరిచి చూస్తే భాయ్ ఎలా దిగాడో ఏమో గానీ, నడిరోడ్డు మీద రెండు చేతులూ పైకెత్తి, పార్సిల్‌ని నెత్తి మీద పట్టుకుని నిలబడి ఉన్నాడు. దానికి మరకైనా అంటలేదు. "ఏనుగు తర్వాత ఈ బెల్లంపిల్లే" అన్నాడు ఒక కళాసీ, వీధి వీధంతా నవ్వింది.

పెళ్లింట్లో పెళ్లికూతురు భాయ్‌ని చూసింది, ఆయన చేతిలో పార్సిల్ చూసింది, మొహం రంగు మారిపోయింది. నా వెనక ఈగలు వచ్చాయి గానీ ఎవరూ నన్ను పట్టించుకోలేదు. భాయ్ జాకెట్టు విప్పి, వెలుతురుకి పెట్టి, అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. "పని బాగుంది" అన్నాడు. ఆ పిల్ల లోపలికెళ్లి తొడుక్కుని ఏడుపు మొహంతో తిరిగొచ్చింది. చంకల దగ్గర పట్టేసి చెయ్యి లేవడం లేదు.

"తాతా, నీకు తెలిత్తే బాధపడతావని..."

"బాధపడ్డాను. సెయ్యెత్తు."

అది విప్పించి, కుట్లు ఊడదీసి, లోపల మడిచిన గుడ్డ వదిలి, మామ్మగారి పాత మిషను మీద మళ్లీ కుట్టాడు. బయట మేళం మొదలయ్యే వేళకి పిల్ల రెండు చేతులూ ఎత్తి భాయ్‌కి దణ్ణం పెట్టింది. తలంబ్రాలు పోసేటప్పుడు ఆ చేతులు హాయిగా లేస్తుంటే, ముందు వరసలో కూర్చున్న భాయ్ పక్కవాళ్లందరికీ "వర్కు వైజాగ్‌ది, కుట్టు నాది" అని చెప్పుకున్నాడు. నేను పెరట్లో, నూతి దగ్గర, జుట్టులో బెల్లం కడుక్కుంటూ విన్నాను. ఆనందం పట్టలేకపోయాను.

ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు ఆ మేనేజరు కుర్చీలో నేనే కూర్చుంటున్నాను. భాయ్ లేడు, ఆయన కొట్టు ఉన్నచోట జ్యూసు షాపు వచ్చింది, అయినా వీధిలో అందరూ భాయ్ కొట్టు పక్కన అనే అంటారు. మొన్నీమధ్య కొత్తగా చేరిన అమ్మాయి ఆ వీధి నుంచి ఫోను చేసింది. "మేడం, ఈ అడ్రసు మ్యాపులో రావట్లేదండి. బెల్లంపిల్ల మలుపు, గంట దగ్గర అని రాసుంది. ఎవరండీ ఈ బెల్లంపిల్ల?"

ఆఫీసు వదిలేసి, స్కూటీ తీసుకుని, ఈ వయసులో చేయకూడని వేగంతో వెళ్లాను. ఆ అమ్మాయి మలుపులో అటూ ఇటూ చూస్తూ నిలబడి ఉంది. దిమ్మలు లేవు, లారీ లేదు, నున్నటి సిమెంటు రోడ్డు. నేను బండి దిగి, రోడ్డు మీద ఆ చోటు చూపించి, "ఇదే" అన్నాను.

"ఏదండీ?" అంది.

జుట్టు చెవి వెనక్కి తోసుకుని, నవ్వు ఆపుకుని చెప్పాను.

"ఉన్నప్పుడు ఇక్కడే ఉండేది."