తాళాలక్క విశ్రాంతి గది

బస్సు కంకర రోడ్డు మీద కాసేపు మొరాయించింది. డ్రైవరు దిగి, టైరును కాలితో తన్ని చూసి, "పోతుందిలే" అని మళ్ళీ ఎక్కేలోపు ముందు వరసలోని ఒకావిడ లేచి నా పక్క సీటులోకి వచ్చింది. కిటికీ సీటు వదులుకుని లోపలికి వచ్చేవాళ్ళను నా తిరుగుళ్ళలో అరుదుగా చూశాను. మర్యాదకు నేను జరగబోతే చేత్తో ఆపింది.

"మీరు కిటికీ దగ్గరే ఉండండి అన్నగారూ. కాస్త ఒళ్ళున్న మనిషి, నాకు అడ్డుగా ఉంటారు."

ఎవరి నుంచి అడ్డో నేను అడగక్కర్లేకపోయింది. టికెట్లు కొట్టుకుంటూ వచ్చిన కండక్టరు ఆమె తలమీదికి లాక్కున్న పాత ఊలు శాలువా కిందికి వంగి చూశాడు.

"తాళాలక్కా, ముసుగేస్తే మాత్రం దొరకరా? మీ గదిలో రెండో తలుపుకి గొళ్ళెం ఊడిపోయింది. మా ఆవిడ నిన్న ఒక చేత్తో తలుపు పట్టుకుని నానా అవస్థా పడి, ఇంటికొచ్చి నన్ను తిట్టింది."

"నిన్నెందుకు తిట్టడం? దారిలోనేగా మా ఇల్లు."

"మిమ్మల్ని తిట్టడానికే వచ్చిందట. మీరు ఇంట్లో లేరని చెప్పారట."

"ఉన్నాను. మంచం కింద ఉన్నాను."

కండక్టరు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. వెనక సీటులోంచి కూరగాయల గంపావిడ అందుకుంది: "గొళ్ళెం సంగతి తర్వాత. పంపులో నీళ్ళు రావడం లేదక్కా. పేరు పెట్టుకున్నాక కాస్త చూసుకోవాలి కదా."

"పెట్టుకున్నానా? పెట్టారు," అంది తాళాలక్క నాకు మాత్రమే వినబడేలా. "విశ్రాంతి గదికి నా పేరు పెట్టి, నా విశ్రాంతి పట్టుకుపోయారు. ఆ బోర్డు పీకించడానికే పెద్దాఫీసుకు వెళ్తున్నా."

గోడల మీది పేర్ల గురించి నాకు కాస్త అనుభవం ఉంది. తిరిగేవాడికి చదవడానికి ఏ పుస్తకం దొరక్కపోతే శిలాఫలకాలే దిక్కు. వంతెనలకు, ఆసుపత్రులకు, పార్కులకు చెక్కిన పేర్లు ఎన్నో చదివాను. నాకు తెలిసి, వాటిని చదివేవాళ్ళు ఇద్దరే: నాలాంటి పనిలేనివాడు, ఆ పేరుగల వాడి మనవడు. ఒక పెద్దమనిషి పేరు బిరుదులతో సహా అయిదు వరసల్లో చెక్కిన వంతెనను జనం ఈనాటికీ ఇనుప వంతెన అనే అంటారు. పేరు నిలిచిపోవడం రెండో బతుకు అని పాత గ్రంథాల్లో చదివాను గానీ, ఆ రెండో బతుకులో కూడా చాకిరీ ఉంటుందని ఏ గ్రంథమూ చెప్పలేదు.

ఈవిడ ఊళ్ళో సంగతి వేరు. అక్కడి బస్‌స్టేషన్ కట్టినప్పటి మొదటి మేనేజరు గట్టివాడట. ప్రతి తలుపు మీదా ఆ గదికి బాధ్యులెవరో పేరు రాయించాడు. టైర్ల గది మీద టైర్లు చూసేవాడి పేరు, సామాన్ల గది మీద ఆ గుమాస్తా పేరు. ఏదైనా పాడైతే తలుపు చూడు, పేరు చదువు, మనిషిని పట్టుకో. అక్కడ లేకపోతే ఇంటికెళ్ళి పట్టుకో. ఆ ఊరివాళ్ళకు అది ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. తలుపు మీద పేరుందంటే ఆ మనిషి డ్యూటీలో ఉన్నట్టే.

తాళాలక్క అక్కడ చేరింది భర్త వల్ల. ఆయన డిపో వర్క్‌షాపులో మెకానిక్కు; ఇంజను దించుతుంటే నడుం పట్టేసి మంచాన పడితే, ఈవిడను ఊడ్చే పనిలోకి తీసుకున్నారు. ఆడవాళ్ళ గది అప్పట్లో పేరుకే గది. ముక్కు మూసుకుని వెళ్ళి, కళ్ళు మూసుకుని వచ్చేవాళ్ళు. ఈవిడ మొదట ఫినాయిలు పోసింది. తర్వాత, నేల తడికి సంచులు పాడవుతున్నాయని గోడకు కొక్కేలు కొట్టించింది. తాళాల గుత్తి తన చేతికి వచ్చాక గది ఆమెదే అయింది. తలుపు తీసే ముందు తాళంచెవితో రెండుసార్లు తట్టేది. లోపల ఎవరున్నా సర్దుకోవడానికి వ్యవధి. లోపల ఎవరూ లేరని తెలిసినా తట్టేది.

"ఎందుకూ?" అన్నాను.

"అలవాటు చేతికి ఉండాలి అన్నగారూ, బుర్రకు కాదు. బుర్ర మరిచిపోతుంది."

పైట చిరిగినవాళ్ళకు పిన్నీసు, నెలసరి ముందే వచ్చినవాళ్ళకు ఉతికి ఆరేసిన గుడ్డ, ఏడవడానికి చోటు లేనివాళ్ళకు మూల బల్ల. ఆఖరి బండి తప్పిపోయిన పిల్లలను లోపల పడుకోబెట్టి, గుమ్మం ముందు స్టూలు వేసుకుని కూర్చునేది. ఆ స్టూలు మీదే మోకాళ్ళు అరిగిపోయాయి అంటుంది. ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు.

వయసైపోయి మానేసే రోజు వస్తుంటే, రోజూ ప్రయాణం చేసే టీచర్లు, నర్సులు, గంపలవాళ్ళు కలిసి పెద్దాఫీసుకు వెళ్ళారు, ఆవిడను ఉంచమని. అక్కడి అధికారి మంచివాడే. "మనిషిని ఉంచడానికి నిబంధనలు ఒప్పుకోవు. పేరు ఉంచడానికి అభ్యంతరం లేదు," అన్నాడు. నీలం బోర్డు మీద తెల్లటి అక్షరాలు: తాళాలక్క విశ్రాంతి గది. రిబ్బను కత్తిరించారు, చప్పట్లు కొట్టారు. మర్నాడు పొద్దున్నే ఒకావిడ ఇంటి తలుపు కొట్టింది, సబ్బు అయిపోయిందని.

కొత్తగా చేరిన అమ్మాయి మొదట్లో మొహం మాడ్చుకుంది. తర్వాత తెలివిమీరింది. "ఎలాగూ మీ దగ్గరికే వస్తున్నారుగా పెద్దమ్మా" అని రెండో తాళంచెవి తెచ్చి ఈవిడ చేతిలో పెట్టి, టీ కొట్టు దగ్గర కాపురం పెట్టింది.

"ఇంట్లోవాళ్ళు ఏమంటారు?"

"మా ఆయనకు వేళాకోళం. 'నీ పేరు గోడెక్కింది, నా కాఫీ అటకెక్కింది' అంటాడు. కోడలికి మహా గొప్ప. 'ఎంతమందికి దక్కుతుంది అత్తయ్యా ఈ గౌరవం' అంటుంది. నీకంత ముచ్చటగా ఉంటే నీ పేరు రాయించుకోవే తల్లీ అన్నాను. అప్పటినుంచి మాట్లాడ్డం లేదు."

శాలువా కొస ముడి చూపించింది. అందులో ఆ తాళంచెవి ఉంది. పేరు పెట్టిన అధికారికి బదిలీ అయింది. కుర్చీలో ఇవాళే ఆఖరు. "వచ్చి అడిగితే లేచేలోపు బోర్డు తీయించే కాగితం మీద సంతకం పెడతాను" అని కబురు చేశాడు. ఇవాళ దాటితే కొత్తాయన వస్తాడు. పెట్టిన గౌరవం వెనక్కి తీసుకోమని అడిగే మనిషిని ఆయన ఏ పిచ్చాసుపత్రికి పంపుతాడో తెలియదు. తాళంచెవి ఇవాళే ఈ పాతాయన బల్ల మీద పెట్టేసి, తిరిగొచ్చి ఎవరూ లేపకుండా ఒక నిద్ర తియ్యాలి. "చచ్చాక పేరు పెట్టుంటే బావుండేది. వచ్చి లేపేవాళ్ళు కాదు," అంది. "మా ఊరోళ్ళని నమ్మలేం. లేపినా లేపుతారు."

ఒక్కటే చిక్కు. బండి ఆ బస్‌స్టేషన్‌లో ఆగి గానీ వెళ్ళదు.

బస్సు స్టేషన్ లోపలికి తిరుగుతుండగానే ఆవిడ సీటులో కిందికి జారింది. "ఆగినంతసేపు నన్ను పలకరించకండి," అని కళ్ళు మూసుకుంది. నేను నా ఒళ్ళంతా కిటికీకి అడ్డం పెట్టాను. గంపావిడ గంపతో దిగిపోయింది. జనం ఎక్కారు. ఎవరూ ఈవిడను చూడలేదు.

"గది తెరిచుందా?" అంది కళ్ళు తెరవకుండానే.

"తాళం వేసుంది."

"ఎవరైనా ఉన్నారా ముందు?"

"ఇద్దరు ముగ్గురు. ఒక పెద్దావిడ గోడకు చెయ్యి ఆనించి నిలబడింది."

"కాళ్ళు మార్చుకుంటోందా?"

మార్చుకుంటోంది. పక్కన కూతురో కోడలో ఆవిడ భుజం పట్టుకుని, బోర్డు మీది పేరు చదివి, ఆ పేరుగల మనిషి ఎక్కడుంటుందో దారినపోయే పోర్టరును అడుగుతోంది. పోర్టరు చెయ్యి చాచి, మేము వచ్చిన దారి చూపిస్తున్నాడు. అంత దూరం ఆ పెద్దావిడ నడవలేదని చూసేవాళ్ళకు తెలుస్తోంది.

"ఆ మహాతల్లి టీ కొట్టు దగ్గర ఉంటుంది, వస్తుందిలే," అంది తాళాలక్క. నేను టీ కొట్టు వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు. ఆ మాట చెప్పలేదు. చెప్పకపోయినా ఆవిడకు అర్థమైంది.

కండక్టరు ఈల వేశాడు. ఇంజను గుర్రుమంది. ఆవిడ పెద్దగా నిట్టూర్చింది, తెల్లారకుండానే ఎవరో లేపినట్టు. సీటు కడ్డీ పట్టుకుని లేచి, శాలువా ముడి పళ్ళతో విప్పింది.

"అక్కా, ఇక్కడ దిగితే మళ్ళీ బండి సాయంత్రానికే," అన్నాడు కండక్టరు. "మీరు వెళ్ళేసరికి ఆఫీసు మూసేస్తారు."

"తప్పుకో నాయనా."

మెట్ల మీద ఒక్కో కాలూ ఆనించుకుంటూ దిగింది. కిటికీ కిందుగానే వెళ్ళింది గానీ తలెత్తలేదు. నేను చెయ్యి ఎత్తి, చూసేవాళ్ళు లేక దించుకున్నాను. గది దగ్గర వాళ్ళు ఇంకా పోర్టరుతోనే మాట్లాడుతున్నారు. తాళంచెవి పట్టుకున్న చెయ్యి అప్పుడే కాస్త ముందుకు చాచుకుని, రెండో చేత్తో మోకాలు నొక్కుకుంటూ, ఆ నీలం బోర్డు వైపు మాత్రం చూడకుండా, తాళాలక్క నడిచి వెళ్తోంది.