చదవని కాగితం కాల్చొద్దు

"కాల్చకు."

"అవ్వా, అది చెత్త. చెత్తబండిల వచ్చింది."

"చెత్త అయితే చెత్తే. ఎవరన్న చదివిన్రా దాన్ని?"

"చేతులు కొంకర్లు పోతుంటే చదువుడేంది? నువ్వు డ్యూటీకి వచ్చినవా, బడికి వచ్చినవా?"

"డ్యూటీకే వచ్చిన. కట్టెలు కాల్చు. అచ్చేసిన కాగితం చదవకుంట కాల్చుడు దండుగ."

"నీలగిరి పుల్లలు మంచుకు నానినయ్. కాగితం లేకుంటే అంటుకోవు."

"అయితే చదివినంక కాల్చు."

మొయినాబాద్‌లో నా మొదటి ఉదయం ఇలా మొదలైంది. డిసెంబర్ మొదటి సోమవారం, ఆరుకు అయిదు నిమిషాలు తక్కువ. ఎదుట ఉన్నవాడు మా హెడ్ గార్డు. ఫౌజులో హవల్దార్‌గా చేసి దిగినవాడు. అందరూ హవల్దార్ సాబ్ అనే పిలిచేవారు. అతని చేతిలో టమాట తెగుళ్ల మీద అచ్చువేసిన ఒక పుస్తకం ఉంది. కాళ్ల దగ్గర ఇనుప తట్ట, అందులో పుల్లలు. పుస్తకం లాక్కున్నాను. అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. కోటు గుండీలు సరిగ్గా పెట్టుకోమని మాత్రం అన్నాడు.

అంతకుముందు పదిహేనేళ్లు చేవెళ్ల వైపు పూలతోటల్లో గులాబీలు కోశాను. నడుము ఇక వంగనన్నది. నిలబడి చేసే పని వెతుక్కున్నాను. సెక్యూరిటీ కంపెనీ వాళ్లు లేడీ గార్డుగా తీసుకున్నారు. పోస్టింగు మొయినాబాద్ దాటాక, రోడ్డు దిగి కిలోమీటరున్నర లోపల. చుట్టూ ప్రహరీ, లోపల నలభై ఇళ్లు, రెండు గేట్లు. ముందు గేటు కార్లకు. వెనక గేటు పనివాళ్లకు, పాలవాళ్లకు, చెత్తబండికి. నాది వెనక గేటు. డ్యూటీ ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు. ఆదేశాలు మూడు: పనికొచ్చే ఆడవాళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాయాలి. పోయేటప్పుడు సంచులు చూడాలి. ఇంటివాళ్ల చీటీ లేకుండా ఏ వస్తువూ గేటు దాటకూడదు.

ఇచ్చిన సామాను: నీలం కోటు, విజిల్, టార్చి, వాకీటాకీ. ప్యాంటు కూడా ఇచ్చారు. తొడగనన్నాను. చీర మీదనే కోటు. మడమలు పగలకుండా మా మనవడి పాత సాక్సులు వేసుకున్నాను.

మా ఊరి నుంచి పాల ఆటోలో చేవెళ్ల వరకు, అక్కడ అయిదూ పదికి మొదటి బస్సు. బస్సు అద్దాల సందుల్లోంచి చలి కోసేది. దిగి నడిచే దారిలో రెండు పక్కలా మంచు, పది అడుగుల అవతల మనిషి కనపడడు. మోకిల వైపు పోయే టిప్పర్ల లైట్లు ముందు కనపడేవి, ఆ తర్వాతే మోత వినపడేది. గేటు ఇనుము ముట్టుకుంటే వేళ్లు అంటుకుపోయినట్టుండేది. కాబట్టి నిప్పు కావాలి. ముందు గేటు దగ్గర పొగ పెడితే ఇళ్లవాళ్లు ఒప్పుకోరు. అందుకే తట్ట వెనక గేటు దగ్గర. అందుకే ఆరు గంటలకు హవల్దార్ సాబ్ కూడా అక్కడికే వచ్చేవాడు.

నేను నాలుగో తరగతి మధ్యలో మానేశాను. మా పంతులు గొంతెత్తి చదివించేవాడు. గొంతు లేకుండా చదవడం నేర్పేలోపే నన్ను పొలం పనికి పెట్టారు. ఇప్పటికీ నాకు పైకి చదవడమే వచ్చు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పేజీ మీద ఏముంటే అది, పై నుంచి కింద దాకా. నేను చదివితే పక్కనున్నవాళ్లు వినక తప్పదు. ఆ చలికాలం నేను పుస్తకాలు పంచుకున్నది ఇలాగే. మంచితనం ఏమీ లేదు అందులో.

పద్ధతి ఒకటి పెట్టాను. ఆరూ అయిదు నుంచి ఆరున్నర దాకా నాలుగు ఆకులు చదవాలి. చదివిన ఆకులు చింపి పక్కన పెట్టాలి. మర్నాడు పుల్లలు అంటించడానికి అవే. చదవని కాగితం కాల్చొద్దు. ఇది నా ఆదేశం. గేటు మీద రాసి పెట్టలేదు గానీ అందరూ పాటించారు.

వినేవాళ్లు ఇద్దరు. ఒకరు హవల్దార్ సాబ్. ఇంకొకరు చెత్తబండి నడిపే మరియమ్మ. ఇళ్లవాళ్లు పారేసిన అట్టపెట్టెల్లోంచి పుస్తకాలు ఏరి తెచ్చేది ఆమే. పక్క ఊరే. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఈమేనట. గొంతు తట్ట మీద మూత పడ్డట్టు ఉండేది.

మొదట టమాట పుస్తకం. పది రోజుల్లో అయిపోయింది. ఆకు ముడత గురించి ఉన్న పేజీ మాత్రం హవల్దార్ సాబ్ తమ్ముని కోసం జేబులో పెట్టుకున్నాడు. రెండోది వంటల పుస్తకం. అందులో ప్రతి కూరలోనూ వెన్న. మరియమ్మ అయిదో రోజు లేచింది. "గింత వెన్న పోస్తే గడ్డి కూడ రుచే ఉంటది. ఆపు అవ్వా." చదవడం ఆపలేదు. మొదలుపెట్టింది పూర్తి చేయాల్సిందే.

మూడోది అట్ట లేని పుస్తకం. పేరు తెలియదు. రాసిందెవరో తెలియదు. సంక్రాంతి పోయిన రెండో రోజున ఇరవై రెండో నంబరు ఇంటి అట్టపెట్టెలో వచ్చింది. ఒక పోస్ట్‌మన్‌కు చూపు పోతుంది. పైవాళ్లకు ఆ సంగతి చెప్పకుండా అతని భార్య సంచి భుజాన వేసుకుని ఊర్లు తిరుగుతుంది. చదువు రానివాళ్లకు ఉత్తరాలు చదివి పెడుతుంది. ఒకరోజు భర్త పేరు మీదనే ఒక ఉత్తరం వస్తుంది. ఆమె విప్పదు. సంచి అడుగున పెట్టుకుని తిరుగుతుంది.

ఆ ఉత్తరం దగ్గర ముగ్గురం చిక్కుకుపోయాం.

"విప్పుమంటున్న ఆమెను," అన్నాడు హవల్దార్ సాబ్. "ఉత్తరం దాచుడు తప్పు. ఫౌజుల, మీద మంచు కొండల ఉన్నప్పుడు మాకు పదిహేను దినాలకొకసారి వచ్చేటివి. ఒకనికొస్తే అందరికి చదివేటోడు. ఒకని పెండ్లాం తిడితే పది మందికి తిట్టు తాకేది."

"నీ సంగతి వేరు. ఆమె భయం ఆమెది," అంది మరియమ్మ.

ఒకరోజు అతను ముందు గేటు వదిలి రాలేకపోయాడు. వాకీటాకీ పలికింది.

"వెనక గేటు, వెనక గేటు. ముందు గేటు."

"చెప్పు."

"బటన్ నొక్కి పట్టుకొని చదువు."

చదివాను. మధ్యలో పంపు ఆపరేటర్ అడ్డం వచ్చాడు. "సార్, ట్యాంకర్ వచ్చింది."

"నిలబెట్టు. ఆమె వాగు దాటుతున్నది," అన్నాడు హవల్దార్ సాబ్.

ఆ కథలో నాకు ఒకటి మింగుడు పడేది కాదు. ఆమె ఉన్నట్టుండి పావుకిలో బెల్లం తెమ్మంటుంది. ఎవరితో అంటుందో ఉండదు. వాగు ఒడ్డున కూర్చుంటుంది, వెంటనే పాపకు జ్వరం అంటుంది. పాప ఎప్పుడు పుట్టిందో రాయలేదు. పుస్తకాలు ఇలాగే ఉంటాయేమో అనుకున్నాను. మరియమ్మ మాత్రం ఆ పాప గురించి రోజూ అడిగేది.

ఇంకొకటి. ఆ ఆకులు కాలేటప్పుడు అచ్చు నలుపులో కలిసిపోయేది. పక్కన చేతితో రాసిన సన్న అక్షరాలు మాత్రం నల్లటి బూడిద మీద వెండిలా మెరిసేవి. ఊదితే పోయేవి. రోజూ చూశాను. అదేమిటని ఆలోచించలేదు.

ఫిబ్రవరి మొదటి వారం. గురువారం. పది గంటలకు వాకీటాకీ పలికింది.

"వెనక గేటు. ఇరవై రెండో నంబర్ మేడం నీ దిక్కు వస్తున్నది. పుస్తకం గురించి."

"రానీ."

"అవ్వా, తెల్వదని చెప్పు. నేను కూడ వస్తున్న."

ఆమెకు యాభై ఏళ్లుంటాయి. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోలేదు. "పాత పుస్తకం ఒకటి. అట్ట ఉండదు. మా అమ్మది. అమ్మ పోయి ఏడాదైంది. సామాన్లు సర్దుతుంటే పొరపాటున చెత్తలో పోయిందట. ఇప్పుడే తెలిసింది. ఎవరైనా చూశారా?"

స్టూలు కింద నుంచి మిగిలిన కట్ట తీసి, ఆ పొద్దున చదివి చింపిన నాలుగు ఆకులు పైన పెట్టి ఇచ్చాను. పట్టుకుని గుండెకు ఆనించుకుంది. తర్వాత తిరగేసింది. తొంభై ఏడో పేజీ నుంచి మొదలవుతోంది.

"ముందువి?"

"పాతసామాన్లాయన తీస్కపోయిండు మేడం," అన్నాడు పరుగున వచ్చిన హవల్దార్ సాబ్.

"లేదు," అన్నాను. "కాల్చినం."

"కాల్చారా?"

"రోజుకు నాలుగు ఆకులు. నేనే చెప్పిన కాల్చమని. ఆయనది తప్పు లేదు."

ఆమె ఒక పేజీ తెరిచి అంచు మీద వేలు పెట్టింది. "ఇదేంటో తెలుసా మీకు? మా అమ్మ రాత. డైరీ రాసే తీరిక లేక చదివే పుస్తకంలోనే రాసుకునేది. ఆమె చేతిరాత నా దగ్గర ఇదొక్కటే ఉంది. దాన్ని కాల్చి చలి కాచుకున్నారా?"

"ఆ పెన్సిల్‌దా?" అన్నాను. "అది కథలది కాదా?"

ఆమె పేజీ మీంచి తలెత్తి నన్ను చూసింది.

"నేను అది కూడ చదివిన అమ్మా. పేజీ మీద ఉన్నదంత చదివిన."

"ఏం చదివారు?"

"పావుకిలో బెల్లం తేవాలె. పాపకు జ్వరం తగ్గింది, రెండు ముద్దలు పెరుగన్నం తిన్నది."

చెత్తబండి పక్క నుంచి మరియమ్మ అంది: "ఆ పాప మంచిగైందా లేదా అని నేను రెండు దినాలు ఫికర్ పెట్టుకున్న. ఏ పేజీలనో పండ్లు కూడ వచ్చినయ్ ఆ పిల్లకు. పై పండ్లు ముందు."

ఆమె మా ముగ్గురినీ చూసింది. కట్ట పట్టుకుని వెళ్లిపోయింది.

ఇక్కడికి రాకముందే పుస్తకం పోయిందని ఆఫీసుకు ఫోన్ చేసిందట. వాళ్లు గేట్ల దగ్గర ఆరా తీస్తే కాల్చిన సంగతి తెలిసింది. ఒంటి గంటకు కంపెనీ సూపర్‌వైజర్ నుంచి కబురు వచ్చింది. డ్యూటీలో చదవడం, గేటు దగ్గర నిప్పు పెట్టడం, ఇళ్లవాళ్ల వస్తువు కాల్చడం. రేపటి నుంచి రావద్దు. కోటు, విజిల్, టార్చి, వాకీటాకీ అప్పజెప్పాలి.

"నేను మాట్లాడుత," అన్నాడు హవల్దార్ సాబ్.

"నువ్వు అబద్ధం మాట్లాడినవ్. ఇంకేం మాట్లాడకు."

అతను తల వంచుకున్నాడు. నాకు ఉద్యోగం పోయినందుకు కాదు బాధ. ఒక తల్లి రాసుకున్నది నా పద్ధతి పెట్టి, వరుసగా, రోజుకు ఇంత అని కాల్చాను. పొదుపు అనుకుంటూ చేశాను. రెండు గంటలకు రిజిస్టర్ మూసి, మర్నాడు పొద్దున సామాను తెస్తానని చెప్పి బస్సెక్కాను. దారి పొడుగునా మొదటి పేజీ నుంచి గుర్తు చేసుకున్నాను. చాలావరకు ఉంది.

మర్నాడు అదే పాల ఆటో, అదే బస్సు. అయిదూ యాభైకి గేటు చేరాను. మంచు ఇంకా విడలేదు. నిప్పు లేదు. తట్ట గోడ పక్కకు జరిపి ఉంది, మీద రేకు కప్పి ఉంది, రేకు మీద రాయి. రాత్రి డ్యూటీవాళ్లు ముట్టకుండా హవల్దార్ సాబ్ పెట్టించాడట.

నా స్టూలు మీద ఆమె కూర్చుని ఉంది. శాలువా, ఒళ్లో కట్ట, ఒక కొత్త నోటుబుక్, పెన్సిల్.

"చెప్పండి," అంది. "మొదటి నుంచి."

చెప్పాను. నేను తప్పిన చోట మరియమ్మ అందుకుంది. మరియమ్మ ముందుకు దూకిన చోట హవల్దార్ సాబ్ ఆపాడు. "ఆగు, జ్వరం కన్న ముందు బెల్లం." కథ వద్దు, అమ్మ మాటలు చాలని ఆమె అంది. నాకు విడదీయడం రాదన్నాను. రెండూ కలిపే చెప్పాను. ఆమె ఏరుకుని రాసుకుంది. పై పళ్ల దగ్గర పెన్సిల్ ఆగింది. మళ్లీ కదిలింది. ఆరున్నరకు పనివాళ్లు వచ్చారు. పేర్లు హవల్దార్ సాబ్ రాశాడు.

ఏడున్నరకు నా దగ్గర ఉన్నది అయిపోయింది. కొన్ని పోయాయి. ఎన్ని పోయాయో చెప్పలేను.

"ఉత్తరంలో ఏముందో చెప్పనా?" అంది ఆమె.

"చెప్పొద్దు మేడం, చదువు," అంది మరియమ్మ.

ఆమె మిగిలిన ఆకుల్లో చివరివి చదివింది. పైకి. పెన్సిల్ రాత కూడా వదలకుండా. ఉత్తరంలో పోస్ట్‌మన్‌ను పనిలోంచి తీసేశామని ఉంది. అది వచ్చి ఏడాది. అతని భార్య మర్నాడు మళ్లీ సంచి భుజాన వేసుకుంటుంది. చివరి పేజీ అంచున ఇలా ఉంది: అయిపోయింది. పొయ్యి మీద పాలు.

"పొంగినయా?" అంది మరియమ్మ.

"పొంగే ఉంటాయి," అంది ఆమె. నవ్వింది. తర్వాత శాలువా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

హవల్దార్ సాబ్ రాయి తీసి, రేకు మెల్లగా ఎత్తాడు. గురువారం పొద్దున కాలిన ఆకు ఒకటి అడుగున విరగకుండా ఉంది. నల్లగా, ముడుచుకుని. అంచున వెండి అక్షరాలు. నలుగురం తట్ట చుట్టూ వంగాం. ఊపిరి తగిలితే కూలుతుందని అందరం ముక్కు మూసుకున్నాం. ఆమె కళ్లతోనే చదివి, నోటుబుక్ వైపు చూడకుండా రాసుకుంది: పాప పడుకుంది. ఇంకో రెండు పేజీలు.

ఎన్ని చలికాలాలు వచ్చినా నాకు కనపడేది అదే. ఊపిరి బిగబట్టిన నాలుగు ముఖాలు, మధ్యన ఆ మెరుపు.

ఆమె ఊపిరి వదిలింది. ఆకు రాలిపోయింది. కోటు విప్పి మడత పెట్టి ఇచ్చాను. విజిల్, టార్చి, వాకీటాకీ లెక్క చూసుకుని హవల్దార్ సాబ్ సంతకం పెట్టాడు. తొమ్మిదీ ఇరవై బస్సుకు చేవెళ్ల వెళ్లిపోయాను.