ఓబులేసన్న చేసిన ఒకే ఒక్క తప్పు

నిన్న పొద్దున స్టవ్ మీద పాలు పెట్టి ఫోన్ ఎత్తాను. పులివెందుల నుంచి ఓబులేసన్న కొడుకు.

"నాయన పోయినాడత్తా. గుండె నొప్పి."

పాలు పొంగిపోయాయి. స్టవ్ ఆపాలని కూడా తోచలేదు.

ఈ రోజు రాయకపోతే ఇంకెప్పుడూ రాయలేను. అందుకే.

జమ్మలమడుగు కాలేజీ ల్యాబ్‌లో నాతో పనిచేసినవాళ్లకు అన్న గొంతు మాత్రమే తెలుసు. ప్రొద్దుటూరులో ఆయనది చిన్న కంప్యూటర్ షాపు. మా లైనక్స్ సర్వర్‌ను అక్కడి నుంచే రిమోట్ లాగిన్‌లో చూసుకునేవాడు. నెట్‌వర్క్ పోతే ఫోన్‌లో నాకు పాఠం.

"కేబుల్ కాడ లైటు ఎలుగుతాందా సూడు పాపా. ముందు కండ్లతో సూడు, తర్వాత కీబోర్డు ముట్టుకో."

ఆయన ఎందుకు రాడో అందరికీ తెలుసు. వాళ్ల మామది ఒక పార్టీ, మా కాలేజీ నడిపే కరస్పాండెంట్ గారిది ఇంకో పార్టీ. ఫ్యాక్షన్ గొడవల్లో రెండు వైపులా మనుషులు పోయారు. అన్న ఎవరి మీదా చెయ్యెత్తినవాడు కాదు. అయినా జమ్మలమడుగు బస్సెక్కితే తిరిగి వస్తాడని హామీ లేని రోజులు.

పార్టీ వేరైనా సర్వర్‌కు మాత్రం ఆయన తప్ప దిక్కులేదు లెండి.

అలాంటప్పుడు, అన్నను చిన్నప్పటి నుంచి పెంచిన అక్క జమ్మలమడుగు ఆస్పత్రిలోనే చేరింది. ఇక లేవదని డాక్టర్లు చెప్పేశారు.

ఆ వారమే, పరీక్ష అప్లికేషన్లు పంపాల్సిన ఆఖరి రోజు, నెట్‌వర్క్ పోయింది.

సర్వర్ ముందు కూర్చుని చూశాను. మెషీన్ బాగానే ఉంది, కేబుల్ బాగానే ఉంది. నెట్‌వర్క్ కార్డును ఎవరో కమాండ్ ఇచ్చి ఆపేశారు. దూరం నుంచి లోపలికి రాగలిగేది అన్న ఒక్కడే.

దూరం నుంచి లాగిన్ అయ్యి కార్డు ఆపితే మన దారి మనమే మూసుకున్నట్టు. మళ్లీ తెరవాలంటే మెషీన్ ముందుకు రావాల్సిందే. ఆ తప్పు మాత్రం చేయొద్దని నాకు వందసార్లు చెప్పింది ఆయనే.

అలాంటి మనిషి పొరపాటున చేస్తాడా? నాకు అర్థమైంది.

కరస్పాండెంట్ గారు వచ్చారు. "నీకు చేతనవుతాదా అమ్మా?"

ఒక్క లైను టైప్ చేస్తే చాలు. నాకు కంఠతా వచ్చు.

"నాకు రాదు సార్. ఆయప్పే రావాల."

ఆయన కాసేపు నన్నే చూసి డ్రైవర్‌ను పిలిచారు. "నా జీపు తీస్కపో. ఆ మనిషి మీద ఈగ కూడా వాలకూడదు."

అన్న వచ్చాడు. ఒక్క లైను కొట్టాడు. నెట్‌వర్క్ లేచింది. నా వైపు చూడనే లేదు, చూస్తే ఇద్దరం దొరికిపోతామని.

"సార్, మా అక్క ఈడ ఆస్పత్రిలో ఉండాది. సూసి పోతా."

కరస్పాండెంట్ గారు తలూపారు. అదే జీపు ఆస్పత్రికి వెళ్లి గంటసేపు బయట ఆగింది. అన్న అక్కకు తన చేత్తో గంజి తాగించాడట.

నాలుగో రోజు ఆమె పోయింది. దహనానికి అన్న రాలేకపోయాడు.

కార్డు ఆపిన సంగతి నేనెప్పుడూ అడగలేదు. చాన్నాళ్లకు నాకు హైదరాబాదులో నెట్‌వర్క్ ఉద్యోగం వచ్చిందని చెబితే మాత్రం నవ్వాడు.

"నీకేమీ రాదంటివే పాపా ఆ పొద్దు."



అన్నా, నువ్వు నేర్పిన విద్యతోనే ఇంత అన్నం తింటున్నాను. కానీ నా జీవితంలో నేను చేసిన మంచి పని, ఆ రోజు అది రాదని చెప్పడమే.

పోయిరా అన్నా. మీ అక్క దగ్గర తొందర లేకుండా కూర్చో. నీ మనసు చల్లగా ఉండాలి.