చెవి మేస్త్రీ కొన్న కెమెరా

మా తాత చెవి పెట్టి వింటే, భూమి తిరిగేటప్పుడు ఏ మూల నూనె తక్కువైందో చెప్పేస్తాడు. భూమి ఇంకా ఆగకుండా తిరుగుతోందంటే, ఎవరూ ఆయన్ని పిలిచి అడగలేదు కాబట్టే. పిలిచి ఉంటే "ముందు ఆపండి, విప్పి చూడాలి" అనేవాడు.

ఈ గొప్ప నేను చెబుతున్నది, ఆయన చెప్పుకున్నది కాదు. ఆయన నోట గొప్పలు రావు. ఆ పని చేయడానికి ఇంట్లో నేనున్నాను కదా. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివిన దాన్ని. ఒక్కసారే చదివినవాళ్ళ కంటే నాకు రెట్టింపు చదువుంది.

తాత చొక్కాల ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్ళు మిషన్ల మేస్త్రీ. పెద్ద హాల్లో నలభై ఒక్క కుట్టు మిషన్లు ఒకేసారి గడగడలాడుతుంటే గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకునేవాడట. "మూడో వరుస, కిటికీ పక్కది. సూది వంగింది" అనేవాడట. వెళ్ళి చూస్తే వంగే ఉండేదట. అనుమానం వచ్చిన మిషను మీద పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని వింటాడు. అందుకే అందరికీ ఆయన చెవి మేస్త్రీ. కానీ చెవి చెప్పిన మాటని కూడా ఆయన ఊరికే నమ్మడు. మూత విప్పి కళ్ళారా చూస్తేనే ఆయనకి నిజం. మా వీధిలో ఎవరు పాత ఫ్రిజ్జు కొన్నా, పాత స్కూటరు కొన్నా తాతని వెంటబెట్టుకుని వెళ్ళాల్సిందే. అమ్మేవాళ్ళు ఆయన్ని దూరం నుంచి చూసే మొహం మాడ్చుకునేవాళ్ళు.

ఆ హాల్లో మనుషుల అసలు పేర్లు జీతం కాగితం మీద మాత్రమే ఉండేవి. చొక్కాలో ఎవరు ఏ ముక్క కుడితే అదే వాళ్ళ పేరు. కాలరక్క, చేతుల వదిన, జేబు పిన్ని. మా అమ్మమ్మ గుండీలు. ఇరవై రెండేళ్ళు కుట్టింది కానీ ఒక చొక్కా మొత్తం కుట్టమంటే ఇప్పటికీ రాదు. "నాకు రాకపోతేనేం, గుండీలు లేకపోతే మీ తాత మర్యాద ఎక్కడ నిలబడేది?" అంటుంది.

మొన్న ఎండాకాలం మొదట్లో ఫ్యాక్టరీ గేటుకి కాగితం అంటించారు. నెలాఖరు శుక్రవారంతో మూత. మిషన్లన్నీ ఎవరో కొనుక్కున్నారు, శనివారం పొద్దున్నే లారీలు వస్తాయి. ఆ కాగితం చదివిన రోజు మధ్యాహ్నం టీ తాగుతూ జేబు పిన్ని తాతతో అందట.

"మేస్త్రీ గారూ, ఇరవై ఆరేళ్ళు ఈ మిషను ముందు కూర్చున్నాను. కూర్చున్నట్టు ఒక్క ఫొటో లేదు. నువ్వేం పని చేసేదానివి నానమ్మా అని రేపు మా మనవడు అడిగితే ఏం చూపించను? నా నడుం నొప్పా?"

నిజమే. హాల్లోకి ఫోన్లు తీసుకెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. గేటు దగ్గర చెక్క అరల్లో పెట్టి లోపలికి పోవాలి. ఫ్యాక్టరీ తెరిచిన రోజు తీసిన గుంపు ఫొటో ఒకటి ఆఫీసు గదిలో ఉండేది కానీ, అందులో మొహాలు కందిగింజలంత ఉంటాయి.

తాత అక్కడికక్కడే మాటిచ్చేశాడు. "నేను తీస్తాను. గుంపుగా కాదు. ఒక్కొక్కళ్ళని, ఎవరి మిషను దగ్గర వాళ్ళని. కాగితం మీద. గోడకి తగిలించుకునేలా."

ఇంటికొచ్చి చెబితే అమ్మమ్మ నుదురు కొట్టుకుంది. "ఆఖరి రోజు ఫోన్లు లోపలికి ఇస్తారట, మేనేజరు చెప్పాడు. ఫోనుతో తీయరాదూ?"

"ఫోను చస్తే ఫొటో కూడా చస్తుంది. మీ చెల్లెలి కూతురి పెళ్ళి ఫొటోలన్నీ బకెట్లో పడి పోలేదా?"

"ఫోనుని బకెట్లో పడేసింది నువ్వేగా!"

"అందుకే చెబుతున్నా."

పాత కెమెరాల కొట్టుకి నన్ను తీసుకెళ్ళాడు. కొట్టాయన అద్దాల బీరువాలోంచి ఒక కెమెరా తీశాడు. మా అమ్మ కంటే వయసులో పెద్దది, తోలు సంచిలో కుదురుగా కూర్చుని ఉంది. బరువు చూస్తే ఇటుకే. తాత జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, కెమెరా మీద ఆనించి, చెవిలో పెట్టుకుని బటన్ నొక్కాడు. టక్. మీట తిప్పాడు. మళ్ళీ టక్. వేగాలన్నీ ఒక్కొక్కటీ మార్చి విన్నాడు. కొట్టాయన నావైపు చూసి, ఈయనకి బాగానే ఉందా అన్నట్టు కనుబొమలెగరేశాడు. నేను పట్టించుకోలేదు. తాత మొహం వెలిగిపోతోంది. "గడియారంలా ఉందే పిల్లా. లోపల ఒక్క స్ప్రింగు కూడా మూలగట్లేదు."

తర్వాత మామూలుగానే ఆయన చెయ్యి వెనక మూత మీదకి వెళ్ళింది.

"అయ్యయ్యో, తెరవకండి!" అన్నాడు కొట్టాయన. "లోపల కొత్త రీలు ఎక్కించి ఉంచాను. ముప్పై ఆరు ఫొటోలు. మీరిప్పుడు నొక్కినవి ముందు కొసలో పోయేవే, అంకె మళ్ళీ సున్నాకి తిప్పి ఇస్తాను. మీకు ఉచితం. ఇప్పుడు తెరిస్తే వెలుగు తగిలి రీలంతా పాడైపోతుంది."

తాత చెయ్యి ఆగింది. మూత విప్పకుండా ఏ వస్తువునీ ఒప్పుకోని మనిషి, గొళ్ళెం మీద వేలు పెట్టి ఆలోచిస్తున్నాడు. ఆ క్షణంలో నేను నోరు మూసుకుని ఉంటే ఆయన వద్దనేసి వచ్చేవాడేమో. నాకు ఉచితం అన్న మాట వింటే ఒళ్ళు తెలియదు. "తీసుకో తాతా, రీలు కూడా ఇస్తున్నాడు" అన్నాను. ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. ఇంకో రీలు ఉందా అని అడిగితే, వచ్చే నెల వస్తుందన్నాడు కొట్టాయన.

శుక్రవారం మధ్యాహ్నం నన్ను కూడా హాల్లోకి రానిచ్చారు. ఆ రోజు నలభై ఒక్క మందీ తలలు నున్నగా దువ్వుకుని వచ్చారు. అందరి చేతుల్లో ఫోన్లు. ఒకళ్ళనొకళ్ళు తీసుకోబోతుంటే తాత అరిచాడు.

"అవన్నీ సంచుల్లో పెట్టండి. మీరంతా ఫోన్ల వైపు చూస్తే నావైపు చూసేదెవరు? నేను తీస్తున్నానుగా!"

మారు మాట్లాడకుండా పెట్టేశారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆయన ఆపమంటే మిషన్లు ఆపిన మనుషులు. ఆ రోజు ఆపకుండా ఉండాల్సింది.

రీల్లో ముప్పై ఆరే, మనుషులు నలభై ఒక్కరు. చివరి వరుసలో ఐదుగురు మిగిలిపోయారు. అందులో అమ్మమ్మ ఒకతె. "మేస్త్రీ పెళ్ళాన్ని కదా, నాకు దక్కేవన్నీ ఇలాంటివే" అంది. తనకి ఫొటో లేకపోతే ఇంట్లో ఉన్న తన పాత ఫొటోనే గోడకి తగిలించుకుంటానంది.

కిటికీల వెలుగులో ఒక్కొక్క మిషను దగ్గరికీ వెళ్ళి తీశాడు తాత. "ఫొటోకి కూర్చున్నట్టు కూర్చోకు, కుట్టు" అన్నాడు జేబు పిన్నితో. ఆమె కళ్ళజోడు తీసింది, మళ్ళీ పెట్టుకుంది. "ఉండనీ, లేకపోతే మనవడు గుర్తుపట్టడు" అంది. నిజంగానే సూది కింద జేబు ముక్క పెట్టి, అది పూర్తయ్యేదాకా కుట్టింది. టక్. నేను ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు, ఆమె బొటనవేలు గుడ్డని నెట్టే చోట గోరు సగమే ఉంది.

మధ్యలో తాత చెంప మీద నల్లగా, జిగురుగా ఏదో అంటుకుంది. "తారు పూసుకున్నావేంటి తాతా" అని నవ్వాను. చొక్కా చేత్తో తుడుచుకుని "పాతది కదే, ఏదో కారి ఉంటుంది" అన్నాడు. వేరేవాళ్ళు కొన్న వస్తువు దగ్గర ఆ నలుపు కనిపించి ఉంటే అరగంట ఉపన్యాసం ఇచ్చేవాడు.

కెమెరా మీద అంకె ముప్పై ఆరుకొచ్చి ఆగింది. తాత ఊరికే మీట తిప్పి చూశాడు. తిరిగింది. ఇంకోసారి నొక్కాడు. టక్. "ఇంకా ఉందే!" అన్నాడు. హాలంతా చప్పట్లు. కాలరక్కయితే "మేస్త్రీకి రీలు కూడా భయపడి కొసరు వేసింది" అంది. మిగిలిన ఐదుగురినీ తీశాడు. చివర అమ్మమ్మ. "నవ్వు" అన్నాడు. ఆయన చెబితే ఆవిడ నవ్వడం నేను పుట్టాక అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున లారీలు వచ్చాయి. తాత వీధి మలుపులో నిలబడి నలభై ఒక్కటీ లెక్కపెట్టి, ఇంటికొచ్చి కెమెరాని తువ్వాల్లో చుట్టుకుని రీళ్ళు కడిగే ఆయన దగ్గరికి బయల్దేరాడు. నేను వెంట వెళ్ళాను. మూత తీయడానికి భయమేసి తాత కెమెరానే ఆయన చేతికిచ్చాడు. "చీకటి గదిలో మీరే తీయండి. జాగ్రత్త, నలభై ఒక్క మంది ఉన్నారు."

రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నాం. కడిగే ఆయన తడి రీలు వేలాడదీసి పట్టుకుని బయటికొచ్చాడు. మొదటి కొస ఎలాగూ నల్లగానే ఉంటుందట. దాని పక్కన ఒక్క చదరం, బొగ్గులా. అంతే. అక్కడి నుంచి చివరిదాకా రీలు గాజులా ఖాళీ.

"రీలు కదల్లేదండీ" అన్నాడు ఆయన. "మీరు తీసినవన్నీ ఒకదాని మీద ఒకటి, ఈ ఒక్క ముక్క మీదే పడ్డాయి. ఇందులోంచి ఏమీ రాదు. రీల్లో నలుపు కాగితం మీద తెలుపు కదా, అచ్చేస్తే తెల్ల కాగితమే."

తాత కెమెరా తీసుకుని, మొదటిసారి మూత తెరిచాడు. స్క్రూడ్రైవర్ మొనతో ఒక్కొక్కటీ తాకుతూ, ఎవరిదో మిషను చూసినట్టు మెల్లగా చెప్పాడు. "ఇదిగో, రీలుని లాగే చక్రం. పళ్ళన్నీ అరిగిపోయాయి. మీట తిరుగుతుంది, రీలు తిరగదు. మూత అంచున ఉండే మెత్తటి పట్టీ కుళ్ళి జిగురైంది, వెలుగు లోపలికి కారుతుంది. వెలుగుని ఆపే ఈ నల్ల తెరకి సూది పోటంత చిల్లు. లెన్సు లోపల బూజు."

మూత మూస్తూ, "తెరిచి చూస్తే నిమిషం పనే" అన్నాడు.

కడిగే ఆయన జాలిగా ఇంకో మాట చెప్పాడు. మీట తిప్పినప్పుడల్లా ఎడమవైపు బొడిపె కూడా తిరగాలట. తిరగకపోతే లోపల రీలు కదలట్లేదని తెలుసుకోవాలట. అది విన్నాక తాత ఆ బొడిపెని వేలితో తిప్పి చూశాడు. కొత్తగా పనిలో చేరిన ప్రతి పిల్లకీ ఆయన చెప్పిన మొదటి పాఠం అదే. కింద బాబిన్లో దారం అయిపోయినా సూది టకటకమంటూనే ఉంటుంది, చప్పుడు నమ్మకు, వంగి చూడు.

"నలభై ఒక్కసార్లు" అన్నాడు. "ఒక్కసారి కూడా చూడలేదే పిల్లా."

కొట్టుకి వెళ్ళాం. కొట్టాయన కెమెరాని ముట్టుకోలేదు.

"పాత వస్తువండీ. అరగంట చెవిలో పెట్టుకుని విని మరీ తీసుకున్నారు."

"తెరవొద్దన్నది మీరే."

"రీలుంది కాబట్టి అన్నాను. అంత అనుమానమైతే రీలు పోతే పోయిందని తెరవాల్సింది."

నేను తిట్లు మొదలెట్టబోతే తాత నా చెయ్యి పట్టి లాగాడు. "వాడన్నది నిజమే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది అప్పుడే. ఇన్నేళ్ళూ ఇలాంటి వాళ్ళని గడగడలాడించిన మనిషి, కెమెరాని చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.

మళ్ళీ తీద్దామంటే ఏం తీయాలి? హాలుకి తాళం. మిషన్లు ఎక్కడికెళ్ళాయో తెలియదు. కాలరక్క వేరే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఫోన్లలో ఎవరి దగ్గరైనా ఒక్కటి ఉందేమో అని దొరికినవాళ్ళనల్లా, జరిగింది చెప్పకుండా, నేను అడిగాను. "మీ తాత వద్దన్నాడుగా" అన్నారు, తప్పు పట్టకుండానే.

పది రోజులు తాత వీధిలోకి రాలేదు. ఎవరో పాత మోటారు కొంటూ రమ్మని పిలిస్తే, నాకిప్పుడు చెవి సరిగా వినిపించట్లేదని అబద్ధం చెప్పాడు. పదకొండో రోజు జేబు పిన్నే వచ్చింది. చేతిలో ఫొటో ఫ్రేము, అద్దంతో సహా. కొలత సరిపోతుందో లేదో చూడమని ముందే కొనుక్కొచ్చింది.

తాత దాచలేదు. జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. ఆమె ఫ్రేముని ఒళ్ళో తిరగేసి పెట్టుకుంది.

"పోనీలెండి మేస్త్రీ గారూ. మీరు కావాలని చేశారా."

"తిట్టమ్మా."

"ఎందుకు తిడతాను? నా మిషను ఎన్నిసార్లు బాగుచేశారు." లేచి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "ఆ రోజు కళ్ళజోడు పెట్టుకోవాలా వద్దా అని ఒకటే ఆలోచించాను చూడండి, పిచ్చిదాన్ని" అని నవ్వి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మిగిలినవాళ్ళ ఇళ్ళకి తాత వెళ్ళలేకపోయాడు. అమ్మమ్మే వెళ్ళి చెప్పొస్తోంది, రోజుకి ఇద్దరు ముగ్గురు చొప్పున. తన ఫొటో గురించి మాత్రం ఒక్క మాట అనలేదు. ఆవిడ దెప్పకుండా ఊరుకోవడం తాతకి ఇంకా కష్టంగా ఉందని నాకు తెలుసు. అన్నం కలిపి అలా చూస్తూ కూర్చుంటాడు.

ఇదంతా రాస్తున్నానని నిన్న ఆయనకి చెప్పాను. ఆ నల్ల ముక్క కిటికీ దగ్గర వెలుగుకి ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. ఓదారుద్దామని, నాకున్న రెట్టింపు చదువంతా వాడాను. "తాతా, ఎవరూ ఎక్కడికీ పోలేదు. నలభై ఒక్క మందీ ఆ ముక్కలోనే ఉన్నారు. అలాగే రాస్తాను."

ఆయన ఆ ముక్కని నా చేతిలో పెట్టాడు.

"ఉంటే జేబు పిన్ని ఎక్కడుందో వేలు పెట్టి చూపించి, అప్పుడు రాయి."