నారాయణపేట బడిలో ఒక గంట పంతులు

నారాయణపేటలో కొత్తగా పెట్టిన తెలుగు బడికి ఒక పంతులు కావాలని, పాఠం చెప్పించి చూసి తీసుకుంటారని కబురు వచ్చిన రోజు నుంచి నా కాళ్లు నేల మీద నిలవలేదు. పోలీసు చర్య జరిగి అప్పటికి ఏడాది దాటింది. అంతవరకూ మాకు బడి అంటే ఉర్దూ, ఇల్లంటే తెలుగు. నేను తెలుగు చదవడం నేర్చుకున్నది గొర్రెల కొట్టంలో, జొన్న సంచుల అడుగున దాచి బెజవాడ వైపు నుంచి తెచ్చిన కమ్యూనిస్టు కరపత్రాల మీద. ఆ అచ్చుమాటలే అసలు తెలుగని, మా అమ్మ మాట్లాడేది దొరల కాలం అంటించిన మసి అని, దాన్ని కడిగెయ్యడం కూడా పోరాటంలో భాగమేనని గట్టిగా నమ్మాను. అమ్మ "బువ్వ తిన్నవా" అంటే "భోజనం చేశావా అనాలి" అని దిద్దేవాణ్ణి. "తిన్నంక ఏదన్న అనుకో బిడ్డా, కూర సల్లారుతాంది" అనేది ఆమె. ఆ పంతులు పని నాకు దొరికితే తాలూకా అంతటికీ మాట నేర్పేవాణ్ణి నేనే అవుతానని కలలు కన్నాను.

దేవరకొండ వైపు నుంచి నారాయణపేట పోవాలనుకునేవారికి దారి చెబుతాను. మా ఊరి నుంచి డిండికి మూడు కోసులు. కోడి కూసే వేళ కాసిం మామ బండి ఎక్కాను. కిరాయి ఎనిమిదణాలు, హాలీ సిక్కా, అంటే నిజాం నాణెంలో. మామ అని పిలవడం మా ఊరి వరుస. పోలీసు చర్యప్పుడు ముసల్మానుల మీద జరిగిన దాడుల తరువాత ఆయన ఊరి బయట మాట్లాడటం తగ్గించాడు, కానీ చీకట్లో ఎడ్లతో మాత్రం మాట్లాడుతూనే ఉంటాడు. మంచు ఎంత దట్టంగా ఉందంటే ఎడ్ల కొమ్ములు కూడా కనిపించడం లేదు. మెడగంటల చప్పుడే బండిని లాక్కుపోతున్నట్టు ఉంది. ఎక్కడో కంది చేను వాసన, ఎక్కడో కాలుతున్న పుల్ల. నేను సగం నిద్రలో, సగం పాఠంలో ఉన్నాను.

"బస్సుల జాగా దొరుకుతదో లేదో, జర తొందరగ పోవాలె" అన్నాడు మామ.

"జాగా కాదు మామా, స్థలం. జర కాదు, కొంచెం."

ఆయన ఎడ్ల తోక మెలిపెట్టి నవ్వాడు. "గట్లనా? మరి స్థలంల ఉచ్చ పొయ్యిమంటె ఎద్దుకు ఎర్కయితదా?"

నాకు కోపం వచ్చింది. అజ్ఞానం మీద కోపం అనుకున్నాను.

డిండి చేరేసరికి పొద్దు బారెడెక్కింది. ఆనకట్ట వెనక నీళ్ల మీద మంచు పొగలా కదులుతుంటే, ఆవలి గుట్టలు గాలిలో తేలుతున్నట్టు కనిపించాయి. ఆ ఒడ్డునే కమ్యూనిస్టు దళాల కోసం గాలించే పోలీసు క్యాంపు ఉంది. బస్సెక్కేవారందరినీ ఒకరి వెనక ఒకరిని నిలబెట్టి మూట విప్పించి చూస్తారు; అరగంట పడుతుంది, కాబట్టి పది గంటల బస్సు కోసం తొమ్మిదికే చేరాలి. తెలుగు వచ్చిన జమేదారు ఒకడు "ఏడికి పోతున్నవ్?" అని అడిగాడు. నేను ఛాతీ విరిచి జవాబిచ్చాను.

"మిత్రమా, విద్యాబోధన నిమిత్తం నారాయణపేటకు ప్రయాణిస్తున్నాను."

జమేదారు చెయ్యి నా మూట మీదే ఆగిపోయింది. "గీ తెలుగు ఊళ్లె ఎవ్వడు మాట్లాడడు. చీకట్ల పంచే కాయిదాలల్ల ఉంటది. ఏ దళమోనివి?"

గొంతు ఎండిపోయింది. ఏ మాట అన్నా అచ్చుమాటే వచ్చేలా ఉంది, ఏ అచ్చుమాట వచ్చినా జైలే. ఊరి బయట పెదవి విప్పని కాసిం మామ అప్పుడు బండి దిగి వచ్చాడు.

"సార్, గాడు మా ఊరి భాగోతపోడు. ప్రహ్లాదుని ఏషం గడ్తడు. మూడేండ్ల సంది ఏషం దిగుతలేడు. తిండికాడ గూడ గిట్లనే రాగం దీస్తడు, ఆల్లమ్మ నెత్తి గొట్టుకుంటాంది."

"అయితె ఒకటి చెప్పు" అన్నాడు జమేదారు.

నేనెన్నడూ ముఖానికి రంగు వేసుకోలేదు. నాకు తెలిసినవి కరపత్రాలే. కళ్లు మూసుకుని చెయ్యెత్తాను: "ఓ హిరణ్యకశిపా! నీ గడీ గోడలు ఎంత ఎత్తైనవైనా ప్రజల ఆకలి ముందు నిలువజాలవు!"

జమేదారు తల గోక్కున్నాడు. "ప్రహ్లాదుని కాలంల గూడ దొరల గడీలుండెనా?"

"గడీ లేని కాలమేడుంది సార్" అన్నాడు మామ.

జమేదారు పగలబడి నవ్వి నన్ను బస్సు వైపు తోశాడు. నేను మెట్టు ఎక్కుతుంటే మామ నా మూట అందించాడు. "నీ మాటలు మంచిగనే ఉన్నయి బిడ్డా, ఎవలున్నరో సూసి మాట్లాడు" అని మాత్రం అన్నాడు.

అది బొగ్గుతో నడిచే బస్సు. మహబూబ్‌నగర్‌కు రూపాయి పావలా. కల్వకుర్తిలో మధ్యాహ్నం ఆగుతుంది. అణాకు ఆరు సీతాఫలాలు కొని ఒళ్లో పెట్టుకుంటే సాయంత్రం వరకూ వేరే తిండి అక్కరలేదు. జడ్చర్ల దాటాక రాళ్ల గుట్టలు ఒకదాని మీద ఒకటి నిద్రపోతున్న ఏనుగుల్లా సాగాయి. మహబూబ్‌నగర్ సరాయిలో నాలుగణాలకు చాప ఇస్తారు. మరునాడు ఏడింటి బస్సు పదకొండు లోపు నారాయణపేట చేర్చింది, పన్నెండణాలు. ఊరంతా మగ్గాల చప్పుడే. రెండు కర్రల నడుమ సాగదీసిన ఎర్రనూలు వీధి పొడవునా ఎండలో మెరుస్తుంటే, ఎవరి కలలోకో దారితప్పి వచ్చినట్టు వాటి కింద వంగి నడిచాను.

రెండింటికి పాఠం. పెద్దపంతులుగారు సర్కారు జిల్లాల నుంచి వచ్చిన మనిషి, ఇస్త్రీ పంచె, సన్నని గొంతు. రాగానే నియమం చెప్పారు. "ఇంటిమాట నోట వచ్చిన పిల్లను గంట కొట్టేదాకా బల్ల ఎక్కించాలండీ. ఉర్దూ కలిసిన ఈ తౌరక్యాంధ్రం వదిలించడానికే మనల్ని పెట్టారు." నేను తల ఊపాను. నా నియమం కూడా అదే కదా.

మూడో తరగతి. బట్ట ఎలా తయారవుతుందని అడిగాను. భీమమ్మ అనే నేతవారి పిల్ల ఎగిరి లేచింది. "మా ఇంట్ల నేస్తరు సార్! నాయిన మగ్గం గుంటల కూసుంటడు, అమ్మ కండెలకు నూలు సుడ్తది, ఎర్ర నూలేమో అంచుకు ఏరే వెడ్తరు, గది గిట్ల..." అంటూ వేళ్లతో గాలిలో దారం చుడుతోంది.

పెద్దపంతులుగారు గొంతు సవరించుకుని నా వైపు చూశారు. ఉద్యోగం ఆ చూపులో ఉంది.

"భీమమ్మా, బల్ల ఎక్కు" అన్నాను.

ఎక్కింది. వేళ్లు ఆగిపోయాయి. తరువాత ఎవరిని ఏమడిగినా నోరు విప్పలేదు. నలభై మంది పిల్లలు, బయట మగ్గాల చప్పుడు, లోపల నా అచ్చుమాట ఒక్కటే తిరుగుతోంది. నిన్న డిండి ఒడ్డున ఎండిపోయిన నా గొంతే ఆ పిల్ల గొంతులో కనిపించింది. ఇక్కడ జమేదారును నేనే.

"దిగు బిడ్డా" అన్నాను. "కండెలు సుట్టినంక ఏం జేస్తరో చెప్పు. నాకు ఎర్కలేదు."

ఆమె నమ్మలేనట్టు చూసింది. వెనక వరుస నుంచి ఒకడు "మగ్గంల అటిటు ఉరికె నాడెల వెడ్తరు సార్!" అని అరిచాడు. "గదంత ఉత్తదే, ముందుగాల గంజి వెట్టాలె!" అని ఇంకొకడు లేచాడు. గది నిండా చేతులు లేచాయి. ఎవరి మాటను ఎవరూ వినడం లేదు. చివరికి భీమమ్మే బల్ల మీద చెయ్యి చరిచి అందరినీ కూచోబెట్టి మొదటి నుంచి చెప్పింది. ఆమె చెప్పినదంతా నేను నల్లబల్ల మీద రాశాను. తమ మాటలు అక్షరాలుగా మారడం చూసి పిల్లలు కూడబలుక్కుంటూ చదివారు.

గది బయట పెద్దపంతులుగారు కోప్పడలేదు. "చదివించడం నీకు చేతనవునోయ్. పని నీదే. ఒకటే షరతు. ఆ యాస బడిలో వినబడకూడదు, వాళ్ల నోటా, నీ నోటా" అన్నారు. అలాంటి సమయానికి నా దగ్గర ఉపన్యాసాలు చాలానే ఉండేవి. నోట వచ్చింది మాత్రం ఇంటిమాటే.

"గట్లయితె మా అమ్మను గూడ బల్లెక్కియ్యాలె సార్. నాతోని గాదు."

ఆయన నా పేరు కొట్టేశారు.

తిరుగు బస్సులో, కిటికీ పక్కన గుట్టలు పొద్దుగూకే రంగులో కరిగిపోతుంటే చాలాసేపు ఆలోచించాను. ఉర్దూ బడిలో తెలుగు మాట్లాడితే మాకు వేళ్ల మీద కర్ర పడేది. ఇప్పుడు బడి మనది, కర్ర కూడా మనదే అయింది. అచ్చు తెలుగు నేర్పవద్దని నేననను. దానివల్లే నాకు లోకం తెలిసింది. కానీ పిల్లను మూగ చేసి నేర్పిన మాట ఎవరితో మాట్లాడటానికి? పని పోయినందుకు బాధ లేదంటే అబద్ధం. బల్ల మీద ఆ పిల్లను నిలబెట్టిన ఆ కొద్దిసేపు మాత్రం ఇంకా ఎక్కువ బాధ పెడుతోంది. పంతులు స్థానం ఇంకా ఖాళీగానే ఉందట. మీలో ఎవరైనా పోతే ఒక్క మాట: పాఠం రోజున కాక ముందురోజు ఉదయపు బస్సుకే నారాయణపేట చేరి, మధ్యాహ్నమంతా నేత వీధి అరుగుల మీద కూర్చోండి. ఏ పనిని పిల్లలు ఏ మాటతో పిలుస్తారో విని రాసుకోండి. మరునాటి పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టండి.