కింది బెర్తులో అక్క

పొద్దున్నే కాఫీ కప్పుతో కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఎదురింటాయన తన గేటు ముందు చిన్న పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన రంగు డబ్బా, చేతిలో కుంచె. వసంతంలో వాన ఒక్క పూట తెరిపిస్తే చాలు, ఆయన గేటుకి రంగు మొదలుపెట్టేస్తాడు. ఏటా అదే ఆకుపచ్చ. ఇందులో వింతేముందని మీరనుకోవచ్చు. మేముండేది ఐర్లండ్‌లోని ఎన్నిస్‌లో, క్లేర్ కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, పెద్ద ఊరు. హర్లింగ్ ఆటలో క్లేర్ వాళ్ళ రంగులు పసుపూ నీలమూ. ఆకుపచ్చ పక్క కౌంటీ లిమరిక్ వాళ్ళది. ఆట దగ్గర ఈ రెండు కౌంటీలకీ ఉప్పూ నిప్పూ. క్లేర్‌లో పుట్టి పెరిగిన మనిషి తన గేటుకి లిమరిక్ రంగు పూసుకుంటుంటే వీధిలో వాళ్ళు ఊరుకుంటారా? ఆటపట్టిస్తూనే ఉంటారు. ఆయన మాత్రం "గేటే కదా" అని తల తిప్పకుండా కుంచె ముంచుకుంటాడు. అసలు సంగతి ఈ వీధిలో ఆయనకీ మా ఇంట్లో వాళ్ళకీ మాత్రమే తెలుసు. ఫోనులో ఒక ఫొటో తీసి పోర్ట్‌లీష్‌లో ఉన్న అక్కకి పంపాను. కాఫీ చల్లారకముందే జవాబు వచ్చింది. "ఎందాకా వచ్చామే?"

ఆ ప్రశ్న పుట్టింది ఈ దేశంలో కాదు. వియత్నాంలో, ఒక బస్సులో.

అక్క నాకు తోడబుట్టింది కాదు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో డబ్లిన్‌లో ఒకే ఇంట్లో అద్దెకున్న ముగ్గురం మేము. అక్కది తెనాలి, నర్సు. నేను కాకినాడ నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. మూడోవాడు వరంగల్ కుర్రాడు, అప్పుడు విద్యార్థి. ఆ ఇంట్లో ఒక్క పొయ్యి, ఒక్క రైస్ కుక్కరు, మూడు యాసలు. తర్వాత పెళ్ళిళ్ళూ ఉద్యోగాలూ మమ్మల్ని మూడు ఊళ్ళకి విసిరేశాయి. అక్క పోర్ట్‌లీష్ ఆసుపత్రికి, నేను ఎన్నిస్‌కి, వాడు కార్లోలో కాలేజీ ల్యాబుకి. అప్పటినుంచి మా ఇళ్ళలో వాడు కార్లో తమ్ముడు, ఆవిడ పోర్ట్‌లీష్ అక్క. ఎప్పటికైనా ముగ్గురం కలిసి ఎక్కడికైనా పోవాలని ప్రతి క్రిస్మస్‌కీ అనుకునేవాళ్ళం. అనుకుని బిర్యానీ తిని ఎవరిళ్ళకి వాళ్ళం వెళ్ళిపోయేవాళ్ళం. చివరికి 2020 ఫిబ్రవరిలో కుదిరింది. చైనాలో ఏదో జబ్బు వచ్చిందని వార్తల్లో చెబుతున్నారు గానీ, టిక్కెట్లు కొనేసుకున్నాం. అక్క ఒక పెట్టెడు మాస్కులు సర్దింది. వాటితోపాటు కందిపొడి, నిమ్మకాయ పచ్చడి, రైస్ కుక్కరు కూడా సర్దింది. వీపున సంచులేసుకుని తిరిగే కుర్రకారు మధ్యలో, నడుము నొప్పి బెల్టు పెట్టుకుని రైస్ కుక్కరు మోస్తూ తిరిగిన బ్యాక్‌ప్యాకరు మా అక్క ఒక్కతే అయ్యుంటుంది.

హోయ్ ఆన్ నుంచి న్హా ట్రాంగ్‌కి బస్సు. అదే మాకు మొదటి పొడుగు ప్రయాణం. స్లీపర్ బస్సంటే మనకి తెలియనిదా అనుకున్నాం. సీట్లు ఎంచుకునేటప్పుడు తమ్ముడూ నేనూ ఏకగ్రీవంగా అక్కకి కింది బెర్తు రాశాం. పెద్దవాళ్ళకి కింది బెర్తు ఇవ్వాలని మన రైళ్ళలో చిన్నప్పటినుంచి ఒంటబట్టిన మర్యాద కదా. పై బెర్తులు మేం తీసుకుని త్యాగం చేశామన్న గర్వంతో బస్సు దగ్గరికెళ్ళాం. మెట్టు దగ్గరే చెప్పులు విప్పించి, వాటిని చేతికిచ్చిన ప్లాస్టిక్ సంచిలో వేయించారు. లోపల మూడు వరుసలు, కిందా పైనా. పడుకుంటే ముందువాళ్ళ తల కిందున్న డబ్బాలోకి మన కాళ్ళు దూరిపోతాయి. పక్క వరుసలకి కిటికీలుంటాయి. నడిమి వరుసకి ఉండవు. మేం అంత మర్యాదగా అక్కకి కట్టబెట్టింది నడిమి వరుసలో కింది బెర్తు. పైన ఇంకో బెర్తు, రెండు పక్కలా మనుషుల కాళ్ళూ సంచులూ, ఎక్కడా ఇంత ఆకాశం లేదు.

బస్సు కదిలిన కాసేపటికే అక్క గొంతు వినిపించింది. పక్క వరుసలో పై బెర్తు నాది. వంగి చూస్తే ముఖమంతా చెమట.

"ఊపిరాడటం లేదే. గూట్లో పెట్టి మూసేసినట్టుంది" అంది. ఎందరో రోగుల్ని పట్టుకుని కూర్చున్న మనిషి, తన మణికట్టు తనే పట్టుకుని నాడి చూసుకుంటోంది. తమ్ముడు వెనకనుంచి "పరేషాన్ గాకక్కా, నా జాగకు రా, కిటికీ ఉంది" అన్నాడు. బస్సేమో ఊగిపోతోంది. ఆ సన్నని నిచ్చెన ఎక్కడం తన మోకాళ్ళ వల్ల కాదంది అక్క. నిజం చెప్పొద్దూ, నాకూ భయమేసింది. ఏం చేయాలో తోచక కిటికీలోంచి కనబడేది చెప్పడం మొదలుపెట్టాను. వరి పొలాలు. పొలం మధ్యలో సమాధులు, వాటి చుట్టూ నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు. ఒకడు మోటారు సైకిలు వెనక ఫ్రిజ్ కట్టుకుపోతున్నాడు. ఫ్రిజ్ మీద కోడి. "కోడి ఎందుకే?" అంది అక్క. "ఏమో, ఇంటికి తీసుకెళ్తున్నట్టున్నాడు" అన్నాను. కాసేపటికి తన చెయ్యి మణికట్టు వదిలేసింది. ఆ తర్వాత నేను కునుకు తీస్తే చాలు, కిందినుంచి "ఎందాకా వచ్చామే?" అనేది. ఎక్కడికి అని అక్క ఎప్పుడూ అడగదు. అక్క చర్చికి వెళ్ళే మనిషే గానీ, బయల్దేరినవాళ్ళని ఎక్కడికి అని అడిగితే పని చెడుతుందని వాళ్ళ వీధిలో అందరూ నమ్మినదాన్ని తనూ వదల్లేదు. ఎందాకా అనే అడుగుతుంది.

తర్వాతి బస్సులకి కిటికీ సీటు చూద్దామంటే అక్కే వద్దంది. "నువ్వు చెబుతుంటే బాగుందే. నా కళ్ళతో చూస్తే ఇన్ని కనబడవు" అంది. అలా న్హా ట్రాంగ్ నుంచి కొండలెక్కి దలాత్‌కి, అక్కణ్ణుంచి మళ్ళీ సముద్రం ఒడ్డుకి, నేను కిటికీ, అక్క గూడు. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీసిన పాపాన పోలేదు. మనవైపు పాటలకి తామేం తక్కువా అన్నట్టు పైన టీవీలో విరహ గీతాలు. బస్సు ఆగిన చోటల్లా కండక్టరు ఒక బుట్టెడు ప్లాస్టిక్ చెప్పులు తెచ్చి తలుపు దగ్గర పోసేవాడు. అందరూ దొరికిన జత తొడుక్కుని దిగాలి, ఎక్కేటప్పుడు మళ్ళీ బుట్టలో పడేయాలి. అందరివీ ఒకే రంగు చెప్పులు, ఒక్కటీ ఎవరి కాలికీ సరిపోదు. మొదటిరోజు తమ్ముడు ఆ చెప్పులు నాకొద్దని తన బూట్లు సంచిలోంచి తీసి లేసులు కట్టుకుంటూ కూర్చున్నాడు. కట్టుకోవడం అయ్యేసరికి అందరూ తినేసి తిరిగొస్తున్నారు. ఎండబెట్టిన చేపల వాసన మధ్యలో అన్నం కొనుక్కుని, అక్క చేత్తో కలిపిన కందిపొడి ముద్దలు తిన్నాం. ఏ దేశమని ఎవరైనా అడిగితే ఐర్లండ్ అని చెప్పేవాళ్ళం. మా ముగ్గురి ముఖాలూ చూసి నమ్మినవాడు ఒక్కడూ లేడు.

మార్చి మొదట్లో తిరిగొచ్చాం. ఆ తర్వాత కొద్దిరోజులకే ఇక్కడ బడులు మూసేశారు, సెయింట్ పాట్రిక్ పండగ ఊరేగింపు రద్దయింది. ఇంటినుంచి రెండు కిలోమీటర్లు దాటి పోకూడదన్నారు. రోడ్ల మీద గార్డులు, అదే ఇక్కడి పోలీసులు, కార్లు ఆపి ఎక్కడికని అడిగేవారు. ఎక్కడికని అడిగితే పని చెడుతుందనడానికి అంతకన్నా రుజువేం కావాలని తమ్ముడు ఫోనులో నవ్వాడు. అక్క నవ్వలేదు. తనకి ఆసుపత్రిలో తీరిక లేదు. మా ఇద్దరికీ ఇల్లే ఆఫీసు. తనకి ఇల్లే దూరమైపోయింది. భర్తకి ఉబ్బసం. పిల్లలిద్దర్నీ ఆయన దగ్గర వదిలి, మేడ మీద చిన్న గదిలో ఒక్కతే పడుకునేది. ఏప్రిల్‌లో అక్కకే జ్వరం వచ్చింది. పరీక్ష చేస్తే అదే. నాలుగు రోజులు ఆ గదిలోనే గడిపింది. తలుపవతల కంచం పెట్టి పిల్లలు కిందికి దిగిపోయేవారు. ఆ తర్వాత ఊపిరి అందక, తను పనిచేసే వార్డుకే రోగిగా వెళ్ళింది.

అక్క పోతుందేమోనన్న మాట ఇంట్లో ఎవరం పైకి అనలేదు. ఫోను మోగితే చాలు, అందరం దాని చుట్టూ చేరేవాళ్ళం. మర్నాడు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆక్సిజన్ బుసబుసల మధ్య అక్క గొంతు, మాట మాటకీ ఆగుతూ. "ఎందాకా... వచ్చామే?"

నేను వార్తలు చెప్పాను. ఎక్కడ తగ్గుతోంది, మందుల మీద ఎవరు పని చేస్తున్నారు అని. వెంటనే తిట్లు వచ్చాయి. "అది కాదే. కిటికీలోంచి... ఏం కనబడతంది... చెప్పు."

మా కిటికీలోంచి కనబడేది ఎదురింటి గేటు. ఆ రోజుల్లో అందరికీ చేతినిండా ఖాళీయే కదా. ఎదురింటాయన తుప్పు గీకి, గేటుకి పసుపు రంగు మొదలుపెట్టాడు. అదే చెప్పాను. ఇవాళ మొదటి ఊచ అయింది. ఇవాళ రంగు మీద ఈగ వాలి అతుక్కుపోయింది, ఆయన అగ్గిపుల్లతో దాన్ని తీస్తున్నాడు. ఇవాళ వాన. రోజూ పొద్దున్నే, ఆఫీసు మీటింగులకంటే ముందు ఆ గేటు కబురు. అక్క ఒక్కోసారి జవాబిచ్చేది, ఒక్కోసారి ఇవ్వలేకపోయేది. కానీ మెసేజ్ విన్నట్టు గుర్తు మాత్రం ప్రతిరోజూ కనబడేది. ఆ గుర్తు కోసమే నేను బతికాను.

గేటు సగం అయ్యాక రంగు అయిపోయింది. కొట్లు మూసి ఉన్నాయి. పైన పసుపు, కింద తుప్పు, గేటు అలాగే నిలబడిపోయింది. చెప్పడానికి ఏమీ లేక, గేటు మీద కాకి కూర్చుందనీ లేచిందనీ చెబుతూ రోజులు నెట్టాను. ఒక సాయంత్రం అక్కనుంచి మెసేజ్. "గేటు అయిపోయిందని చెప్పు. ఆకుపచ్చ రంగని చెప్పు. ఇంగ్లీషులో చెప్పు. తొందరగా." మా అక్కకి మతి చలించిందేమో అనుకున్నాను. సగం పసుపు గేటు కళ్ళ ముందుండగా, గేటు అయిపోయింది, ఆకుపచ్చ రంగు, ఎండలో మెరిసిపోతోంది, చాలా బాగుంది అని ఇంగ్లీషులో చెప్పి పంపాను. ఆ రాత్రంతా అక్కనుంచి కబురు లేదు. మర్నాడు పొద్దున్న, ముందురోజుకంటే కాస్త తేటగా, ఒక్క మాట వచ్చింది. "థాంక్స్ రా తల్లీ."

అక్క కోలుకుంది. మెల్లగా, విసుక్కుంటూ. జూలైలో ఊళ్ళు దాటనిచ్చాక పోర్ట్‌లీష్ వెళ్ళాను, తమ్ముడు కార్లో నుంచి వచ్చాడు. పెరట్లో దూరదూరంగా కుర్చీలు. అక్క చిక్కి సగమైంది. అప్పుడు చెప్పింది. పక్క మంచంలో ఒక పెద్దావిడ ఉండేదట. ఊరవతల ఆవుల్ని పెంచుకునే మనిషి. చూడటానికి ఎవరినీ రానివ్వని రోజులు. నా తెలుగు విని "ఏమంటోంది ఆ అమ్మాయి?" అని అడిగిందట. అక్క ఆగి ఆగి తర్జుమా చేసిందట. బస్సు కథ కూడా చెప్పిందట. అప్పటినుంచి పొద్దున్నే ఆవిడే అక్కని లేపి, "ఎందాకా వచ్చాం?" అని ఇంగ్లీషులో అడిగేదట. గేటుకి పసుపు రంగేమిటి, అదేమైనా రోడ్లు తవ్వే యంత్రమా అని రోజూ కోప్పడేదట. వాళ్ళ పొలం గేట్లన్నీ ఆకుపచ్చవట.

"ఆ సాయంత్రం ఆవిడికి ఇక లాభం లేదని నాకు తెలిసిపోయింది. నర్సుని కదా" అంది అక్క. "గేటు అయిందా అని అడిగింది. నీ మాట ఆవిడ చెవి దగ్గర పెట్టాను. బాగుందని, గ్రాండ్ అంది. అంతే."

తమ్ముడు లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేను అక్కని పట్టుకుని ఏడవాలనుకున్నాను. మధ్యలో రెండు మీటర్ల గడ్డి ఉంది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఇంటికొచ్చాక ఎదురింటాయనకి రోడ్డుకి ఈవలనుంచే ఈ కథ చెప్పాను. అబద్ధం ఆయన గేటు మీద కదా ఆడాను, చెప్పాలనిపించింది. అప్పటికి కొట్లు తెరిచారు, ఆయన పసుపు రంగు పూర్తిచేసి గేటుని చూసుకుని మురిసిపోతున్న రోజులు. అంతా విని, "రైట్" అని లోపలికెళ్ళిపోయాడు. మొహం మాడ్చుకున్నాడేమో అనుకున్నాను. ఆ శనివారం ఆకుపచ్చ డబ్బా తెచ్చి, కొత్త పసుపు మీద పూయడం మొదలుపెట్టాడు. మా అమ్మాయి కిటికీలోంచి చూసి "మామ్, హీ'స్ పెయింటింగ్ ఇట్ లిమరిక్!" అని అరిచింది.

ఇప్పుడు ఆయన కింది ఊచల దగ్గరికి వచ్చాడు. అక్క అడిగినదానికి ఇంకా జవాబు పంపలేదు. ఆ బస్సుల్లో దారెప్పుడు తరుగుతుందా అని పడుకున్నాం, ఆ ఏప్రిల్‌లో రోజెప్పుడు గడుస్తుందా అని కూర్చున్నాం. ఇవాళ మాత్రం ఆయన కుంచె ఇంకాస్త నెమ్మదిగా కదిలితే బాగుండుననిపిస్తోంది.